ఆరున్నొక్కటి

మిర్యాలగూడ మిల్లుల బస్తాలు లెక్కవెట్టేటప్పుడు
ఒకటి అనరు. లాభం అంటరు.
లాభం, రెండు, మూడు…
ఆరు తర్వాత ఏడు అనరు,
బస్తాల కాడ ఏడుపెందుకని
ఆరున్నొక్కటి అంటరు.

మా ముత్తిలింగం పద్దెనిమిదేండ్లు గట్లనే లెక్కవెట్టిండు.
లాటు కూలిన నాడు
ఆయన మీద వడ్డయి ఎన్నో
ఎవ్వలు లెక్కవెట్టలె.

నల్లగొండ పెద్దాసుపత్రి.
తొడబొక్క రెండు తునకలు.
మంచం మీది నంబరు చూసి
లోపల్లోపల అనుకున్న:
ఆరున్నొక్కటి.

"ఆపరేషన్‌కు పైస లేదమ్మా" అన్నడు డాక్టరు.
మంచోడే. కండ్లకింద రెండు రాత్రుల నలుపు.
"కార్డుంటే రాడ్డు గూడ వస్తది.
కార్డేది?"

కార్డు మా అత్త సైదమ్మ పేరు మీదుండె.
అత్త పోయింది, ఎనకనే కార్డు పోయింది.
మాది మాకు వేరే ఇయ్యమని మీసేవల పెట్టి
నాలుగు వానకాలాలాయె.
ఆ రసీదే చూపిచ్చిన.
ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
ఎక్స్‌రే తీర్గ కిటికీ వెలుతుర్కు వట్టి చూసిండు.
అండ్ల బొక్క లేదు.

ఇగ చీటీ రాసిచ్చిన్రు.
రాడ్డు ఒకటి, మరలు నాలుగు,
దారం, బ్లేడు, మత్తుమందు, ఇంకేందో.
గేటవతల నీలం బోర్డు షాపు.
పద్దెనిమిది వేల ఆరొందలు.

"ఏదీ, రాడ్డు సూపియ్యి కొడుకా" అంటె
డబ్బాల నుంచి తీసి చేతుల వెట్టిండు.
బరువే లేదు.
సోలెడు బియ్యమంత లేదు.
క్వింటాలు బస్తా లారీకెక్కిచ్చిన మనిషి
గిది ఎత్తలేక పండుకున్నడు.

బస్తాకు ఆరు రూపాయలు.
ఆసుపత్రి మెట్ల మీద కూసోని
ఏళ్ల మీద లెక్కజేసిన.
మూడువేల నూరు బస్తాలు.
అన్నీ ఒక్క తొడల వట్టాలె.

మూడోనాడు మేస్త్రి జానిమియా వచ్చిండు,
తువ్వాలల మూట.
ముప్పైరెండు మంది, తలా ఒకనాటి కూలి.
నోట్లన్నీ తవుడు వాసన.
మిల్లు సేటు గూడ మూడువేలు పంపిండు,
దాంతోని ఒక కాయితం:
లాటు కూలింది గేటు బయటనట.
కూలంగ కండ్లార చూసిన జానిమియా
కిటికీ దిక్కు తిరిగి నిలవడ్డడు.
నేను సంతకం వెట్టిన.
పెట్టకుంటె మూడువేలు తక్కువ.
ఇంకా తక్కువైనయి నా కాళ్లకుండె.
తీసినంక కాళ్లు ఎవలియో అన్నట్టున్నయి.

షాపుల పైసలు కుమ్మరిచ్చి లెక్కవెట్టిన.
లాభం…
పోరడు నవ్విండు:
"ఎవలికక్కా?"
పిల్లగాడు, ఏం తెలుసు.
నేను గూడ నవ్విన,
లెక్క తప్పి మళ్ల మొదలువెట్టిన.

థియేటర్ దాంక బండి తోసినాయన
రెండొందలు అడిగిండు.
ఇచ్చిన.
మూడు నెల్లసంది జీతం లేదంట ఆయనకు.
నడిమిట్ల ఆగి, దుప్పటి జారితె
ముత్తిలింగం పాదాల మీదికి గుంజి కప్పిండు.

ఇంటికి పంపే నాడు ఒక కాయితమిచ్చిన్రు.
బస్సుల పక్కసీటు కాలేజి పిల్లతోని సదివిచ్చిన.
పేరు, వయసు, ఎడమ తొడ,
అడుగున: రోగి చెల్లించినది — ఏమీ లేదు.
"మల్లొకపారి సదువు బిడ్డా" అన్న.
మల్ల గట్లనే సదివింది.

ఇప్పుడు కట్టె వట్టుకోని
మంచం కాడికెల్లి గడప దాంక నడుస్తడు.
అడుగులు లెక్కవెట్టుకుంటడు,
పాత అలవాటు.
లాభం, రెండు, మూడు.
మొన్న ముసురు వట్టినప్పుడు
ఆరు దాంక వచ్చి, దర్వాజ వట్టుకోని
శానసేపు నిలవడ్డడు.
ఇంక ఒక్కటుండె గడపకు.

"ఏడు" అన్నడు.

పొయ్యి మీద చారు మసులుతుండె.
నేను తల ఎత్తలె.